రాయి దొరికిన చోటు: ఫుట్ పట్టిక బలం, పరిమితి

మ్యూజియం పట్టికలను పుస్తకాలుగా ఎవరూ చదవరు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాతి పనిముట్ల వివరణ పట్టిక (1914) మాత్రం విమర్శకు నిలబడే రచన. 1863లో మద్రాసు దగ్గరి పల్లావరంలో చేతిగొడ్డలిని గుర్తించిన ఈ భూవిజ్ఞాన శాస్త్రవేత్త, ఆ తరువాత దశాబ్దాల పాటు దక్షిణదేశంలో నేలను గాలించాడు. ఆ సేకరణను 1904లో మద్రాసు మ్యూజియం కొన్నది. పట్టికను ఆయనే రాశాడు, మరణానంతరం అచ్చయింది.

ఈ పుస్తకం బలమంతా చిరునామాల్లో ఉంది. బళ్ళారి, అనంతపురం, కర్నూలు అంటూ జిల్లాలవారీగా, ఏ రాయి ఎక్కడిదో ఫుట్ నమోదు చేశాడు. పేరు చీటీ లేని రక్తనమూనాతో వైద్యుడు ఏమీ తేల్చలేడు. ఊరు తెలియని రాతి పెచ్చు పరిస్థితీ అంతే.

అయితే చీటీ మీద ఊరు ఒక్కటే ఉంటే చాలదు. లాటరైట్ పొరల్లో దొరికినవి కొన్ని ఉన్నా, ఫుట్ సేకరణలో ఎక్కువ భాగం నేల మీద ఏరినవే. వాటి చోటు చెప్పగలం గాని, కాలం చెప్పలేం. ఈ లోటు ఎంతటిదో నంద్యాల జిల్లా జ్వాలాపురం చూపుతుంది. సుమారు 74,000 ఏళ్ళ క్రితం సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం ఎగజిమ్మిన బూడిద అక్కడ పొరగా నిలిచింది. ఆ బూడిదకు కిందా పైనా కూడా పనిముట్లు ఉన్నాయని పెట్రాగ్లియా, కొరిసెట్టర్ బృందం 2007లో ప్రకటించింది. ఆ ఉత్పాతాన్ని మనుషులు తట్టుకొన్నారా అన్న చర్చ ఆ పొరల మీదే ఆధారపడి ఉంది. అవే రాళ్ళు ఎవరి బీరువాలోనో ఉంటే చర్చకు ఆధారమే మిగిలేది కాదు.

నేనుంటున్న కాల్గరీకి దక్షిణాన సెయింట్ మేరీ జలాశయంలోనూ ఇటువంటి ఉదాహరణే ఉంది. నీరు తగ్గినప్పుడు బయటపడే వాలీస్ బీచ్‌లో ఒక బడిపంతులు గమనించిన ఆనవాళ్ళు కాల్గరీ విశ్వవిద్యాలయ పరిశోధకులను అక్కడికి రప్పించాయి. వేటలో చంపిన గుర్రాల, ఒంటె ఎముకల వయసు సుమారు 13,300 ఏళ్ళని 2015లో తేలింది. అక్కడి క్లోవిస్ ఈటెమొనల మీద గుర్రపు మాంసకృత్తుల జాడలున్నాయని అంతకు ముందే నివేదిక వచ్చింది. కాని మొనలు దొరికింది నేల మీద. కనుక వాటిని ఆ వేటకు నిశ్చయంగా ముడిపెట్టలేం.

దీనితో ఔత్సాహికులను తప్పుపట్టనక్కరలేదు. ఆ బడిపంతులు చూడకపోతే ఆ చోటు సంగతి పరిశోధకులకు తెలిసేది కాదేమో. ఆల్బర్టాలో ఇటువంటి వస్తువులు ప్రభుత్వ ఆస్తి; అనుమతి లేని తవ్వకం నేరం. ఫుట్ పట్టికను చదివితే ఆ నియమం వెనకనున్న తర్కం బోధపడుతుంది. ఊరి పేరు రాసుకొన్నందుకే ఆయన ఏరిన రాళ్ళు నేటికీ పరిశోధనకు పనికివస్తున్నాయి. పొర తెలియనందువల్లే అవి ఎన్నో ప్రశ్నలకు జవాబు చెప్పలేకున్నాయి.