ఉప్పునీటి మెకానిక్కు
కాకినాడ, ఉప్పాడ తీరాల్లో ఫైబర్ బోటుకు ఇంజిను బిగించే మెకానిక్కు పనితనం చూసి తీరాలి. ఇతను నేలమీద వాడే చిన్న డీజిలు ఇంజిన్ని సముద్రానికి తగ్గట్టు మలుస్తాడు. మొదట చూసేది బరువు. బోటును ఇసుక మీదికి చేతులతో లాగాలి కదా! ఇంజిను గాలితో చల్లబడేదైతే ఉప్పునీళ్ల గొట్టాల గొడవుండదు. దానికి పొడవాటి షాఫ్టు, కొసన పంకా. ఒడ్డు దగ్గర లోతు తగ్గగానే షాఫ్టును పైకెత్తేస్తారు. పంకా ఇసుకలో కూరుకోదు. షాఫ్టు వంకరుంటే అదురు చేతికే తెలుస్తుంది. వంపు తీసి, బేరింగుకు గ్రీజు పట్టించాకే బోటు నీళ్లలోకి. కాకినాడ ఎదుటి హోప్ ఐలాండ్ దాటాక ఇంజిను ఆగితే రోడ్డుపక్క షెడ్డు దొరకదు మరి. వేట బాగా పడిందని సరంగును మెచ్చుకునేవాళ్లు ఈ మెకానిక్కునూ మెచ్చుకోవాలి.