శేషాల లెక్క

భాగహారంలో భాగఫలాన్ని వదిలేసి, శేషంతోనే నడిపే లెక్కను శేషాల అంకగణితం అంటారు. పంచాంగం తిరగేసే ఇళ్లలో ఇది పాత సంగతే. తెలుగు ఏడాది పేరు కావాలంటే ఆ ఉగాది వచ్చిన ఇంగ్లిషు సంవత్సరంలోంచి 6 తీసేసి, 60తో భాగించాలి. 2025లోంచి 6 పోతే 2019, శేషం 39. ప్రభవ మొదలు లెక్కపెడితే ముప్పై తొమ్మిదోది విశ్వావసు. శేషం సున్నా అయితే అక్షయ.

ఈ లోకంలో కూడిక, తీసివేత, గుణకారం సులువు. చిక్కంతా భాగహారంతోనే, ఎందుకంటే ఇక్కడ భిన్నాలు లేవు. 17తో భాగించాలంటే, 17తో గుణించినప్పుడు 1 శేషంగా మిగిల్చే సంఖ్యను, అంటే దాని విలోమాన్ని, వెతికి దానితో గుణించాలి. ఈ వెతుకులాటకు మన గణితంలో ఉన్న పేరు కుట్టకం. అంటే దంచడం, పెద్ద సంఖ్యలను నలిపి చిన్నవి చేయడం. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో దీని సూత్రం ఉంది. 628లో బ్రహ్మగుప్తుడు ఒక అధ్యాయానికే ఆ పేరు పెట్టాడు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో దీన్ని వల్లికా కుట్టీకారంగా విస్తరించాడు. మహావీరుని గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

60తో భాగించి శేషం చూసే లెక్కలో, అంటే 60లో, 17కు విలోమం వెతుకుదాం. 60ని 17తో భాగిస్తే 3 సార్లు, శేషం 9. 17ని 9తో భాగిస్తే 1, శేషం 8. 9ని 8తో భాగిస్తే 1, శేషం 1. భాగఫలాలు 3, 1, 1 ఒకదాని కింద ఒకటి తీగలా దిగుతాయి. వల్లి అంటే ఆ తీగే. ఇక కింది నుంచి పైకి ఎక్కాలి: 1×1+1=2, 3×2+1=7. 17×7=119, అంటే 120కి ఒకటి తక్కువ. కాబట్టి జవాబు 60−7, అంటే 53. సరిచూస్తే 17×53=901, శేషం 1. కంప్యూటర్ భాష పైథాన్ 3.8 నుంచి ఘాతం లెక్కించే అంతర్గత ఫంక్షన్‌కు 17, −1, 60 అందిస్తే ఇదే 53 వస్తుంది. పదిహేను వందల ఏళ్ల నాటి పద్ధతి ఇప్పటికీ పనిచేస్తోందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అయితే 60లో 15కు విలోమమే లేదు, రెంటికీ ఉమ్మడి కారణాంకం ఉంది కనుక. భాజకం ప్రధాన సంఖ్య అయితే సున్నా తప్ప ప్రతి సంఖ్యకూ విలోమం దొరుకుతుంది. అలాంటి వ్యవస్థే పరిమిత క్షేత్రం. 1830లో గణితవేత్త గాల్వా ప్రధాన సంఖ్యల ఘాతాల పరిమాణంలోనూ క్షేత్రాలు కట్టవచ్చని చూపాడు.

ఎన్‌టీఎల్, ఫ్లింట్, పైథాన్‌లోని గాల్వా వంటి సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు ఈ లెక్కలన్నీ చేసిపెడతాయి. వాటి నేర్పు వేగంలో ఉంది. యంత్రానికి భాగహారం ఖరీదైన పని కాబట్టి, 1985లో పీటర్ మాంట్‌గోమరీ దాన్ని గుణకారాలతో, స్థానాలు జరపడంతో తప్పించే పద్ధతి కనిపెట్టాడు. రహస్య సంకేతాల లైబ్రరీల్లో మాత్రం వేగం ఒక్కటే చాలదు. సంఖ్యను బట్టి కుట్టకం మెట్ల సంఖ్య మారుతుంది. పట్టిన సమయాన్ని కొలిచి రహస్యాన్ని ఊహించవచ్చు. అందుకే చాలాచోట్ల ఎప్పుడూ ఒకే సంఖ్యలో మెట్లుండే ఘాత పద్ధతితో విలోమం తీస్తారు.

రాజన్న సిరిసిల్ల జిల్లా ఎల్లంతకుంటలో చాయ్ డబ్బులు ఫోన్‌తో కట్టేటప్పుడు స్కాన్ చేసే క్యూఆర్ కోడ్‌లో ఉన్నదీ పరిమిత క్షేత్రమే. 256 సంఖ్యల క్షేత్రం అది. అక్కడ కూడిక అంటే ఎక్సార్, అంటే రెండు సంఖ్యల బిట్లను పోల్చి ఒకటే అయితే 0, వేరైతే 1 వేయడం. కనుక 5కు 5 కలిపితే సున్నా. 128ని రెట్టిస్తే 256 అయి హద్దు దాటుతుంది, హద్దు సంఖ్య 285తో ఎక్సార్ చేస్తే 29కి వస్తుంది. రీడ్, సాలమన్ 1960లో ప్రతిపాదించిన, తప్పులు సరిదిద్దే సంకేతం క్యూఆర్ కోడ్‌లో ఈ క్షేత్రంలోనే నడుస్తుంది. అత్యధిక రక్షణ స్థాయిలో అచ్చయిన కోడ్ మీద మరక పడి దాదాపు 30 శాతం చెడినా ఫోన్ చదవగలదు. ఏఈఎస్ రహస్య లిపిలోనూ 256 సంఖ్యల క్షేత్రమే ఉన్నా, అక్కడ హద్దు సంఖ్య 283, కాబట్టి 128 రెట్టింపు 27 అవుతుంది. లైబ్రరీని పిలిచేటప్పుడు ఏ హద్దు సంఖ్య వాడాలో ముందే చెప్పాలి.