సభ జాబితాలో మన పోడు

‘బిల్లు చట్టం ఎలా అవుతుంది’ అన్న పాఠం ఏటా చెబుతూనే ఉన్నాం. మూడు పఠనాలు, రెండు సభలు, రాష్ట్రపతి ఆమోదం. పిల్లలు అప్పజెబుతారు, మార్కులూ వస్తాయి. కానీ బిల్లు ఏ రోజు చర్చకు రావాలో, దాని మీద ఎన్ని గంటలు మాట్లాడాలో ఎవరు తేలుస్తారన్నది ఆ పాఠంలో ఉండదు. పాఠంలోని పెద్ద లోపం ఇదే అంటాం.

లోక్‌సభకు ఏ రోజుకారోజు కార్యక్రమాల జాబితా వేస్తారు. ప్రభుత్వ బిల్లుల్లో ఏది ముందు, ఏది వెనుక అన్నది ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది. స్పీకర్ అధ్యక్షతన ఉండే సభా వ్యవహారాల సలహా సంఘం, పత్రికలు బీఏసీ అనేది, గంటలు కేటాయిస్తుంది. సభ్యులు సొంతంగా తెచ్చే బిల్లులకు మిగిలేది మామూలుగా శుక్రవారం చివరి రెండున్నర గంటలు. బిల్లును ఓడించడానికి వ్యతిరేకంగా ఓటే వేయనక్కరలేదు. మహిళా రిజర్వేషన్ బిల్లును 2010 మార్చి 9న రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభలో అది ఆమోదం దాకా రానేలేదు. 2014లో ఆ సభ రద్దుకావడంతో అదీ మురిగిపోయింది.

జాబితా చదివితే చాలా పొడిగా ఉంటుంది. మంత్రి పేరు, బిల్లు పేరు, ‘పరిశీలనకు, ఆమోదానికి’ అన్న మాట. ఎవరి భూమి సంగతో అందులో కనబడదు.

మన అటవీ హక్కుల బిల్లునే చూద్దాం. 2005 డిసెంబరు 13న లోక్‌సభలో ప్రవేశపెట్టారు. ఆ ముసాయిదా ప్రకారం 1980 అక్టోబరు 25కు ముందు నుంచి అడవిలో ఉన్నవారికే హక్కు. బిల్లు సంయుక్త పార్లమెంటరీ సంఘానికి వెళ్లింది. అధ్యక్షుడు అప్పటి పార్వతీపురం ఎంపీ కిశోర్ చంద్రదేవ్. గడువు తేదీని బిల్లు పెట్టిన రోజుకు మార్చమని ఆ సంఘం చెప్పింది. 2006 డిసెంబరు 15న లోక్‌సభ, 18న రాజ్యసభ ఆమోదించాయి. అలా సభలో బిల్లు పెట్టిన తేదీ మన పోడు మీద గీతయింది. పట్టా కోసం తిరిగే మా పిల్లల తల్లిదండ్రులు ఆ తేదీని నోటికి చెబుతారు. అది ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు తెలియదు. మొన్నటి దాకా మాకూ తెలియదు, పంతుళ్లమై ఉండి!

2023లో అటవీ సంరక్షణ సవరణ బిల్లు వచ్చింది. మార్చి 29న పెట్టారు. అటవీ విషయాలు చూసే స్థాయీ సంఘానికి కాక, వేరే సంయుక్త సంఘానికి పంపారు. బిల్లులో ఒక్క మార్పూ లేకుండా తిరిగొచ్చింది. జులై 26న లోక్‌సభ, ఆగస్టు 2న రాజ్యసభ ఆమోదించాయి. సభలో ఆమోదం అప్పుడూ చకచకా అయింది, ఇప్పుడూ అయింది. తేడా అంతా సంఘం దగ్గరే వచ్చింది. మన మాట చెవికెక్కే చోటు కూడా అదే.

సంఘాలు అభిప్రాయాలు కోరుతూ ప్రకటన ఇస్తాయి. లోక్‌సభ జాబితా మాత్రం చాలాకాలం హిందీలో, ఇంగ్లీషులోనే వచ్చేది. ఎవరో ఒకరు చూసి, తెలుగులో రాసి, కోయలోనో కువిలోనో పెద్దలకు విడమరిచి, గ్రామసభ కూర్చోబెట్టేసరికి అభిప్రాయాల గడువు దాటిపోతుంది.