రికార్డులతో కచేరి

ఒకరు కట్టిన పాటను వేరొకరు వాయించగా, ఇంకొకరు ముద్రించిన రికార్డులను దెచ్చి రెండు యంత్రములమీద త్రిప్పువానిని కళాకారుడని యెట్లనవచ్చును? డీజేల ప్రసంగము వచ్చినపుడు మన యిండ్లలో పెద్దలు వేయు ప్రశ్న యిది. ప్రశ్న న్యాయమైనదే. దానికి పిల్లలు చెప్పు సమాధానము మాత్రము తరచుగా తేలిపోవుచుండును. తెల్లవారువరకు ఎగిరితిమి, కనుక గొప్పగానుండెను అందురు. ఎగురుటయే ప్రమాణమైనచో పెండ్లి ఊరేగింపులో లారీమీద కెక్కించిన పెట్టెల మ్రోతయు గొప్ప సంగీతమే కావలెను. పెద్దలకు చప్పుడు తప్ప వేరొకటి వినబడదు. పిల్లలకు బాగున్నదను మాట తప్ప వేరొకటి రాదు. ఈ రెంటికి నడుమ విమర్శకు చోటున్నదని నా యభిప్రాయము.

ఇతరుల కృతులను వినిపించుటచేతనే అది కళ కాకపోవునన్న వాదమును తమిళదేశమున తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములవారు ఒప్పుకొనజాలరు. మదరాసు సభలలో త్యాగరాజస్వామి తెలుగు కృతులను పాడి మెప్పించిన మహావిద్వాంసులు వానిని రచించినవారు కారు. వారిలో పెక్కుమందికి తెలుగు ఇంటిభాషయు కాదు. ఏ కృతి తరువాత ఏ కృతి, ఏ రాగము వెంట ఏ రాగము, ఎంతసేపు, ఏ కాలమున అను నిర్ణయములో వారి ప్రతిభ సగముండెను. నేటి కచేరి పద్ధతికి రూపమిచ్చినవారని అరియక్కుడి రామానుజ అయ్యంగారు (1890–1967) పేరొందుటకు కారణము ఈ కూర్పే గదా! అయితే గాయకునకు గొంతున్నది, డీజేకు లేదు. అతని చేతిలోనున్నది నిర్ణయ మొక్కటే. కాబట్టి అతనిని తూచవలసినదియు దానితోనే.

ముందుగా పనిముట్లను గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. రెండు టర్న్‌టేబిళ్లు, వాని నడుమ ఒక మిక్సరు, చెవికి హెడ్‌ఫోను. ఒక రికార్డు శాలలో మ్రోగుచుండగా, రెండవదానిని డీజే తానొక్కడే హెడ్‌ఫోనులో వినుచు, దాని వేగమును మొదటిదానితో సరిచేసి, మెల్లగా సభలోనికి వదలును. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్.ఎల్. 1200 అను యంత్రము, ముఖ్యముగా 1979లో సంస్కరింపబడిన దాని రెండవ రూపము, ఈ విద్యకు వీణవంటిది. దానిమీది మీటను జరిపినచో వేగమును నూటికి 8 వంతులవరకు హెచ్చింపను, తగ్గింపను వచ్చును. నిమిషమునకు 130 దెబ్బల పాటను సుమారు 120కి దింపవచ్చును, 140కి ఎక్కింపవచ్చును. ఇది యెంత సూక్ష్మమైన పనియో చూడుడు: రెండు పాటలు ఒక్కసారి బయలుదేరి, ఒకటి 130 దెబ్బలతోను, రెండవది నూటముప్పదిన్నరతోను నడచినచో, ఒక్క నిమిషము గడచుసరికి ఒకదాని దెబ్బ రెండవదాని ఖాళీలో పడును. అప్పుడు వినవచ్చునది రాతిబాటమీద రెండు గుఱ్ఱపుబండ్లు పోవు చప్పుడు.

శ్రుతి విషయము ఇంతకంటె చిక్కైనది. రికార్డు వేగము పెరిగినచో దానితోపాటు శ్రుతియు పెరుగును. నూటికి 6 వంతులు పెంచినచో ఇంచుమించుగా ఒక స్వరస్థానము పైకి పోవును. లయను కుదుర్చబోయిన శ్రుతి చెడును, శ్రుతిని కాపాడబోయిన లయ చెడును. అందుచేత అనుభవజ్ఞులు స్వరములు తక్కువగానుండి మద్దెల దెబ్బలు మాత్రమే వినబడు ఆద్యంత భాగములలో పాటలను కలుపుదురు. రెండు పాటల మంద్రనాదములు ఒకేసారి మ్రోగినచో అంతయు బురద యగును. కనుక ఒకదానిని మిక్సరులో అణచి రెండవదానికి చోటిత్తురు. ఇక ఎత్తుగడ సంగతి. ఈ సంగీతము నాలుగేసి దెబ్బలుగా, ఆ నాలుగులు మరల నాలుగేసి, ఎనిమిదేసి కూడి పెద్ద ఆవర్తములుగా నడచును. దెబ్బకు దెబ్బ సరిగా కలిసినను ఆవర్తము నడుమ చొరబడిన పాట, ఎత్తుగడ తప్పి పల్లవి నందుకొన్న గాయకునివలె నుండును. తాళజ్ఞానముగల మన పెద్దలు ఒక గంట శ్రద్ధగా విన్నచో ఈ దోషమును నాట్యమాడు మనుమలకంటె ముందుగా పట్టుకొనగలరు.

ఇదంతయు వ్యాకరణము. నేడు ఒక మీట నొక్కినచో కంప్యూటరే లయను కలుపుచున్నది. శ్రుతి కదలకుండ వేగమును మార్చుచున్నది. విద్య నశించినదని విలపించు పాతకాలపు డీజేలు కలరు. వారి దుఃఖములో పాలు పంచుకొన నాకు బుద్ధి పుట్టదు. శ్రుతిపెట్టె వచ్చినపుడు తంబురాను గూర్చియు ఇట్టి మాటలే వినబడినవి. యంత్రము రెంటిని కలుపగలదు. తరువాత ఏ పాట వేయవలెనో సలహా చెప్పు యంత్రములును వచ్చినవి. కాని ఎదుట నిలిచిన జనము అలసినారో, ఇంకను ఆకలిగొనియున్నారో అది చూడదు.

కూర్పు సృష్టి యెట్లగునో తెలియుటకు ఒక పాత ఉదాహరణము చాలును. 1970 ప్రాంతమున న్యూయార్కులో శాంక్చువరీ అను నాట్యశాల యుండెను. ఆ కట్టడము పూర్వము జర్మను బాప్టిస్టుల చర్చి. అచ్చట ఫ్రాన్సిస్ గ్రాసో అను యువకుడు షికాగో బృందము వారి 'ఐయామ్ ఎ మాన్' అను పాటలోని మద్దెల భాగముమీద, లెడ్ జెపెలిన్ వారి 'హోల్ లాటా లవ్'లోని మూలుగులను పరచి, రెంటిని ఒకేసారి నడిపించెడివాడు. ఆ రెండును రాక్ బృందముల పాటలు. ఒకదానికొకటి చుట్టము కాదు. ఆ కొద్ది నిమిషములు సభవారు విన్నది మాత్రము ఆ రెంటిలో ఏదియు కాదు, ఏ రికార్డుమీదను లేని మూడవ పాట. మిక్స్ వినునపుడు నేను వెదకునది ఈ మూడవ పాటను. రాత్రియంతయు మంచి రికార్డులనే వేసియు దానిని ఒక్కమారైనను పుట్టింపలేని డీజే అభిరుచిగల గృహస్థుడు, అంతకు మించి కాడు.

అయితే అతుకు కనబడకుండుటయే గొప్పతనమా? కాదనుటకు లారీ లెవాన్ సాక్షి. 1977 మొదలు 1987వరకు న్యూయార్కులోని పారడైజ్ గరాజ్‌లో అతడు వినిపించెను. పేరునకు తగినట్లు అది పూర్వము మోటారుబండ్లు నిలుపు కట్టడమే. అచ్చట మద్యము అమ్మెడివారు కారు. వచ్చువారిలో నల్లజాతివారు, లాటిన్ జాతివారు అధికులు. స్వలింగప్రేమికులగుటచే ఇంటను వీథిని ఆదరము దొరకనివారు పెక్కురు. పాటకు పాటకు నడుమ నిశ్శబ్దము విడుచుట, ఒకే పాటను మరల మరల వేయుట, నాట్యము సాగుచుండగా నిచ్చెన యెక్కి పైన వ్రేలాడు అద్దాల గోళములను తుడుచుట మొదలగు కథలు లెవాన్‌ను గూర్చి చెప్పుదురు. చేతినేర్పులో అతనిని మించినవారు ఆ నగరముననే యుండిరి. అయినను ఆ శాలకు పోయినవారు శనివారపు రాత్రిని దేవాలయమునకు పోయినట్లుగా చెప్పుకొందురు. కారణ మూహింపరానిది కాదు. అతనికి ఎదుటివారు తెలియును. పాటలోని మాటలనే ఏరి, వారితో సంభాషించెను. ఓదార్చెను, ఉడికించెను, వేచియుండునట్లు చేసెను. మన హరిదాసుగారు సభవారి ముఖములు చూచి, కథ నాపి పిట్టకథ నెత్తుకొనుటలో నున్న తెలివియే యిది. 1979లో అతడు అచ్చట వినిపించినదాని ముద్రణము 2000 సంవత్సరమున వెలువడినది.

దీనికి నెదురుగా మరియొక జాతి మిక్స్ కలదు. 2001లో రిచీ హాటిన్ 'డి.ఇ. 9: క్లోజర్ టు ది ఎడిట్' అను సంపుటమును వెలువరించెను. నూరు పైచిలుకు రికార్డులనుండి తునకలు కోసి, కంప్యూటరులో కూర్చి, ఒక గంటకు లోబడిన ఏకప్రవాహము చేసినాడు. అది నిస్సందేహముగా ఉత్తమ రచన. కాని అది ప్రత్యక్ష కచేరి కాదు. దానిలో తప్పు జరుగుటకు వీలులేదు. జరిగిన దిద్దుకొన వ్యవధి యున్నది. ప్రత్యక్షముగా నడుపువానికి ఆ వ్యవధి లేదు. ఇంటియొద్దనే వరుసంతయు నిశ్చయించుకొని వచ్చి, జనమెట్లున్నను దానినే అప్పగించు డీజేలు నేడు కొల్లలు. వారు నిలువబడిన చోటు వేదికయే యైనను, వినిపించునది హాటిన్ జాతిదే, అతని పనితనము లేకుండ.

ఈ ప్రమాణములకు నిలిచిన ప్రత్యక్ష మిక్స్ ఒకటి చూపుమన్నచో, 1995లో టోక్యో నగరపు లిక్విడ్ రూమ్‌లో జెఫ్ మిల్స్ నడిపినదానిని చూపుదును. 1996లో 'మిక్స్-అప్' వరుసలో రెండవ సంపుటముగా అది వెలువడినది. మిల్స్ 1963లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున జన్మించినవాడు. టెక్నో అను ఈ కఠినమైన యంత్రసంగీతము పుట్టినది ఆ మోటారుకార్ల పట్టణముననే. రెండు కాక మూడు టర్న్‌టేబిళ్లతో, గంటకు కొంచెము పైబడిన కాలములో, ముప్పదికి మించిన రికార్డులను అతడు నడిపినాడు. అనగా ఒక్కొక్కదానికి సగటున దొరకినది రెండు నిమిషములే. పాట తన రహస్యమును పూర్తిగా చెప్పివేయకముందే దానిని లాగికొనును. వినువానికి తనివి తీరదు. తీరకుండగనే రెండవది పైబడును. సంగతిమీద సంగతి వేయుచు పల్లవిని విడువక పట్టియుంచిన విద్వాంసుని పోకడ యిందున్నది. నిర్దయమైన ఆ దెబ్బల నడుమ, డెరిక్ మే 1987లో వెలువరించిన 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్'లోని పియానో వినవచ్చునపుడు, తలుపు తీయగా గాలి వచ్చినట్లుండును. ఆ పాట ఒంటిగా విన్నను మంచిదే. ఇచ్చట దానికి వచ్చిన బలము దాని ముందు నడచినదంతయు ఇచ్చినది.

ఈ మిక్స్‌లో తప్పులున్నవి. కొన్ని చోట్ల దెబ్బలు జారును. మిల్స్ చేయి దానిని వెంటనే లాగి సరిచేయుటయు మనకు వినబడును. ముద్రించినవారు వానిని తుడిచివేయలేదు. మంచి పని చేసిరి. ముప్పది రికార్డులను ఆ వేగమున చేతితో మార్చువాడు జారకుండుట యసాధ్యము; జారకుండునట్లు నడుపదలచినచో పది రికార్డులతో తృప్తిపడవలెను. ఆ పదింటి మిక్స్ శుద్ధముగానుండును, ఎవరికిని గుర్తుండదు. నా ఆక్షేపణ వేరు: విశ్రాంతి చాలదు. విలంబము వంటిది ఒక్కటి మధ్య నుంచినచో ఇంట కూర్చుండి వినువానికి ఊపిరి తిరిగెడిది. అయితే మిల్స్ ఎదుట ఇంట కూర్చున్నవా డెవడును లేడు. శాలలోని జనుల కేకలు అచ్చటచ్చట ముద్రణములో వినబడుచున్నవి. అవి విశ్రాంతి కోరినవారి కేకలు కావు.

దీనిని వినదలచిన పెద్దలు పిల్లల నడిగి తెప్పించుకొనవచ్చును. చేతిఫోనులోని చిన్న స్పీకరుతో మాత్రము వినరాదు. మంద్రస్థాయి నాదము దానిలో పలుకదు, అందుచేత ఒక పాట తొలగి మరియొకటి వచ్చు చోటు తెలియదు. కొంచెము పెద్ద పెట్టెలు పెట్టుకొని, మొదటి పది నిమిషములు చేతితో తాళము వేయుచు, ఆవర్త మెచ్చట తిరుగుచున్నదో కనిపెట్టవలెను. అది చేతికి దొరకిన తరువాత, క్రొత్త రికార్డు ప్రవేశించు చోట్లు ఎవరును చూపనక్కరలేదు.