స్లోవాక్ క్రిస్మస్ బొమ్మలు: ఒక పరిశీలన

స్లోవాక్ జానపద కథలను 1880–83లో ప్రచురించిన పావొల్ దోబ్‌షిన్స్కీ లూథరన్ పాస్టరు. వాటికి లుదోవిత్ ఫుల్లా (1902–80) వేసిన బొమ్మలలో నీడలకంటె రంగులే ప్రధానము. గాజుపై వేసే పల్లె చిత్రాలు గుర్తుకు వచ్చును. కథలకు ఆ రీతి తగియున్నది. క్రిస్మస్‌కు సరిపోవునా?

డిసెంబరు 24 రాత్రి ప్రార్థించి, పిల్లల నుదుట తేనెతో సిలువ గుర్తు వేయుదురు. అదే బల్లయొద్ద ఆపిల్‌ను అడ్డముగా కోసి, గింజలు నక్షత్రమువలె కనబడితే ఏడాదంతా ఆరోగ్యమందురు. పురుగు కనబడితే కీడందురు. మొదటిది విశ్వాసము, రెండవది శకునము. రెంటినీ ఒకే అందమైన అలంకారముగా దిద్దిన బొమ్మ ఈ భేదమును దాచివేయును.

ఆపిల్‌ను తొలగించుడని మేము చెప్పము. దోబ్‌షిన్స్కీ పాస్టరైయుండియు మంత్రగత్తెల కథలను విడువలేదు గదా! అయితే కత్తి దిగువేళ తల్లి ముఖమందలి భయమును కూడ చిత్రకారుడు గీయవలెను.