బలమా, ప్రతిభయా? జపాను యానిమేలలోని యుద్ధఘట్టములు

వీరరసమునకు ఉత్సాహము స్థాయి యనియు, రౌద్రమునకు క్రోధము స్థాయి యనియు మన లాక్షణికులు విభజించి చెప్పిరి. ఈ రెంటికిని గల భేదము సూక్ష్మముగా కన్పట్టును గాని, యుద్ధమును చిత్రింపబూనిన ప్రతి కథకునకును ఇది ముఖ్యమైన భేదము. క్రోధము శత్రువును నలిపివేయగోరును. ఉత్సాహము కార్యమును సాధింపగోరును. నలిపివేయుటకు బలము చాలును. సాధించుటకు ఉపాయము కూడ కావలెను. ఈ పాత వివేచనను ఒక క్రొత్త వస్తువునకు అన్వయించి చూడవలెనని నా సంకల్పము.

ఆ క్రొత్త వస్తువు యానిమే. జపానులో తయారగు బొమ్మల చిత్రములకు ఇది పేరు. వీనిలో పెక్కింటికి మాంగా యనబడు బొమ్మల కథలు మూలము. ఆ కథలు వారపత్రికలలో ప్రకరణములుగా వెలువడి, పిదప తెరకెక్కును. బళ్లారిలోనైనను, హోసూరులోనైనను, బరంపురములోనైనను, షోలాపూరులోనైనను నేడు మన పిల్లలు వీనిని ఎరుగుదురు. 2025లో ‘డీమన్ స్లేయర్’ కథలోని ‘ఇన్ఫినిటీ కాసిల్’ చిత్రము మన దేశపు సినిమాశాలలలో తెలుగు మాటలతో కూడ ప్రదర్శింపబడెను. ఇంటిలోని పెద్దలు మాత్రము ఒక మారు తొంగిచూచి, “ఎప్పుడు చూచినను కొట్లాటయే గదా” యని పెదవి విరిచి వెడలిపోవుదురు. ఆ మాటలో కొంత సత్యము కలదు. అయితే కొట్లాటలన్నియు ఒక్క జాతివి కావు. ఏది కేవలము బలప్రదర్శనము, ఏది ప్రతిభావిలాసము అని విడదీసి చూపుట విమర్శకుని పని.

మొదట బలపక్షమును చూతము. తొరియామా అకిరా 1984 మొదలు 1995 వరకు రచించిన ‘డ్రాగన్ బాల్’ ఈ పక్షమునకు మూలస్తంభము. దాని ఉత్తరభాగము ‘డ్రాగన్ బాల్ జెడ్’ అను పేర 1989 నుండి 1996 వరకు 291 భాగములుగా ప్రసారమయ్యెను. ఇందు ఆకాశమునుండి దిగివచ్చిన శత్రువులు కంటికి ఒక యంత్రమును ధరింతురు. అది ఎదుటివాని బలమును అంకెలలో చూపును. తుపాకి పట్టి ఎదిరించిన ఒక రైతునకు అది 5 అని చూపును. నాయకుడైన గోకు అలిగి నిలిచినపుడు 8,000 దాటినదని వెజిటా నివ్వెరపోవును. తరువాత వచ్చు ఫ్రీజా తన బలము 5,30,000 అని తానే చాటుకొనును. అంకె వినగానే ప్రేక్షకునకు ఒడలు పులకరించును. కాని విమర్శకునకు ఒక భయము కలుగును. జయాపజయములు అంకెలలోనే నిర్ణయమైనచో ఇక యుద్ధమెందులకు? లెక్క చూచుకొని ఓడినవాడు ఇంటికి పోవచ్చును గదా!

ఈ చిక్కు తొరియామాకు తెలియును. అందువలననే ఆయన ఆ యంత్రమును మోసగించు విద్యను తన వీరులకు నేర్పెను. వారు బలమును లోన అణచియుంచి అవసరమైనపుడు వెలికి తీయుదురు. యంత్రము తప్పు చెప్పును. క్రిలిన్ అను పొట్టివాడు బలములో శత్రువునకు ఏ మాత్రమును సాటిరాడు. అయినను చక్రమువలె తిరుగు ఒక కాంతిబిళ్లను విసరును. దానిని మోతాదుతో గాక పదునుతో లెక్కింపవలెను. దాని పదును కనిపెట్టిన వెజిటా తప్పుకొమ్మని కేక వేయకున్న మహాకాయుడైన నాపాకు అప్పుడే అంతము కలిగెడిది. ఆ కేకవలన చెంపపై గీతతో బయటపడెను. అదే చక్రము పిదప ఫ్రీజా తోకను తెగవేసెను. ఈ ఘట్టములు చిన్నవి. అయినను, కొండలు పిండియగు పెద్ద పోరాటములకంటె ఇవియే మనస్సున నిలుచును. చిన్నవాడు పెద్దవానికి ఒక్క క్షణమైనను ప్రమాదకారి కాగలిగినచోట కథకు ఊపిరి ఆడును.

మిగిలిన చోట్ల ఆ కథ సాగదీయబడినమాట నిజము. గ్రహము అయిదు నిమిషములలో పేలిపోవునని ఫ్రీజా చెప్పిన తరువాత ఆ అయిదు నిమిషములు వారముల తరబడి సాగినవి. దీనికి కారణము సౌందర్యశాస్త్రములో లేదు, వ్యాపారములో నున్నది. ప్రతివారము ప్రసారమగు బొమ్మచిత్రము, ప్రతివారము వెలువడు మూలకథను తరుముకొనుచు దాని వెన్నంటి వచ్చును. మూలము ముందుకు పోవువరకు చిత్రము కాలక్షేపము చేయవలెను. అప్పుడు చూపులు, అరుపులు, మెరుపులు, పగిలిన రాళ్లు మిగులును. 2009లో ఈ కథనే కుదించి ‘కై’ అను పేరుతో మరల ప్రసారము చేసినపుడు, అంతవరకు గల భాగముల సంఖ్య దాదాపు సగమునకు తగ్గెను. కథ ఏమాత్రము చెడలేదు.

ఇంతమాత్రముచే బలమునకు కావ్యగౌరవము లేదని చెప్పరాదు. తన బాల్యమిత్రుడైన క్రిలిన్ కన్నులయెదుట హతుడైనపుడు గోకునకు రూపమే మారి, జుట్టు బంగారువర్ణమగును. ఆ క్షణమున బలము అంకె కాదు. అది శోకము ధరించిన ఆకారము. మన పౌరాణిక చిత్రములలో ఆగ్నేయాస్త్రమునకు వారుణాస్త్రము ఎదురై నడిమింట ఢీకొనుట చూచినవారికి ఈ కాంతిపుంజముల ఢీ క్రొత్త కాదు. అక్కడను ఇక్కడను ప్రశ్న ఒక్కటియే: ఆ అస్త్రము వెనుక మనిషి ఉన్నాడా, లేక అస్త్రమే ఉన్నదా? మనిషి ఉన్నంతవరకు బలము రసమును పోషించును.

ఇక ప్రతిభాపక్షము. తొగాషి యొషిహిరో 1998లో ప్రారంభించిన ‘హంటర్ హంటర్’ ఈ పక్షమున నాకు తోచినంతవరకు ఉత్తమోదాహరణము. మ్యాడ్‌హౌస్ వారు దానిని 2011 మొదలు 2014 వరకు 148 భాగములుగా చిత్రించిరి. ఇందలి శక్తికి ‘నెన్’ అని పేరు. దీనియందు ఒక విచిత్రమైన ధర్మము కలదు. తనకు తాను ఎంత కఠినమైన నియమము విధించుకొనునో, ఆ నియమమునకు ఎంత వెల ఒడ్డునో, అంతగా శక్తి హెచ్చును. ఇది చూచినపుడు నాకు మన అవధానము జ్ఞప్తికి వచ్చెను. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుగునకు అక్షరములను నిషేధించును. దారి మూసికొనిపోయిన కొలదియు అవధాని ప్రతిభ వెలుగును. నిర్బంధము లేని పద్యమునకు సభ అంతగా చప్పట్లు కొట్టదు.

కురాపికా యను యువకుడు తన వంశమును రూపుమాపిన దొంగలముఠాపై పగబట్టినవాడు. అతడు ఒక సంకెలను సృష్టించుకొని, దానిని ఆ ముఠావారిపై తప్ప మరెవ్వరిపైనను ప్రయోగింపననియు, ప్రయోగించినచో ప్రాణము విడుతుననియు ప్రతిన పూని, తన గుండెలోనే ఒక కత్తిని నిలుపుకొనెను. ఆ ముఠాలో బాహుబలమున మేటి ఉవోగిన్. బజూకా దెబ్బకు కూడ చలింపని కాయము వానిది. ఆ కాయము ఈ సంకెలకు చిక్కి నిశ్శక్తమాయెను. హిరణ్యకశిపుని వరములోని సందులను వెదకి నరసింహుడు వచ్చిన కథ వినుచు పెరిగిన మనకు ఇందలి ఆనందము చిరపరిచితము. షరతులను చదువగలవాడు బలవంతుని గెలుచును. అయితే తొగాషి అంతటితో ఆగలేదు. గెలిచిన కురాపికా ముఖమున ఉల్లాసము లేదు. తాను చంపినవానిని తానే మట్టిలో పూడ్చి నిలుచును. ఉపాయము గెలిపించును గాని, ఊరట నీయజాలదని ఆ మౌనమే చెప్పుచున్నది.

కిషిమొతో మసాషి రచించిన ‘నారుటో’లో ఇంకను తేటయైన ఘట్టమొకటి కలదు. షికామారు పరమసోమరి. వాని విద్య యొక్కటియే: తన నీడను చాచి ఎదుటివాని నీడతో కలిపినచో ఆ మనిషి తన కదలికలనే అనుకరింపవలసి వచ్చును. కాని నీడ చాగుటకు మేర కలదు. పరీక్షారంగమున ఎదురు నిలిచిన తెమారి ఆ మేరను కొలిచి దూరముగా నిలిచి, విసనకర్రతో గాలిదుమారము రేపును. షికామారు ప్రొద్దు వాలువరకు వేచియుండును. ప్రొద్దు వాలిన గోడనీడ పెరుగును. తన చొక్కాను గాలిలో గొడుగువలె ఎగురవేసి మరికొంత నీడ సంపాదించును. ఆమె చూపు పైకి పోయినపుడు, ముందటి పోటీలో నారుటో త్రవ్విన సొరంగమునుండి నీడను పంపి వెనుకనుండి పట్టును. ఎండ, గోడ, గోతులు అన్నియు ప్రేక్షకునకు ముందే కనబడినవి. మనము చూచియు ఎరుగని దానిని అతడు చూచి ఎరిగెను. ఇంత చేసి, శక్తి చాలదని లెక్కకట్టి ఓటమి నొప్పుకొనును. ఆ పరీక్షలో పదోన్నతి పొందినవాడు మాత్రము ఓడిన షికామారు ఒక్కడే! గెలుపుకంటె వివేకమునకు పట్టము కట్టిన ఈ కథయే, పిదప మహాకాయ మృగములును, కొండలంత యోధులును నిండిన సంగ్రామముగా ఉబ్బిపోవుట విచారకరము.

అరాకి హిరోహికొ 1987లో ప్రారంభించిన ‘జోజో’ పరంపరలో పిడికిలి ఎత్తక గెలిచిన యుద్ధము కలదు. కైరో నగరమున డార్బీ యను జూదరి ఓడినవారి ఆత్మలను బిళ్లలుగా మార్చి దాచుకొనును. జోతారో అను యువకుడు వానితో పేకాటకు కూర్చుండి, తన చేతి ముక్కలను చూడకయే పందెము పెంచును. మిత్రుని ఆత్మను, తుదకు తల్లి ఆత్మను కూడ ఒడ్డును. ఏ ముక్కలున్నవో యను భయమున డార్బీ మనస్సే చెదరిపోవును. త్రిప్పి చూడగా ఆ ముక్కలు ఎందుకును కొరగానివి. ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. జోతారో మహాబలుడనియు, కంటికందని వేగము గలవాడనియు డార్బీ ముందే చూచియున్నాడు. ముక్కలు మారెనేమో యను శంక ఆ బలమునుండియే పుట్టినది. కనుక ప్రతిభకు బలము విరోధి కానక్కరలేదు. ఒక్కొక్కచో అది ప్రతిభకు పెట్టుబడి.

ప్రతిభాపక్షమునందును దోషము లేకపోలేదు. ఉపాయము ముందుగా సూచింపబడక, ఆపద వచ్చినపుడే ఊడిపడినచో, అది కూడ ఒక విధమైన మోటుబలమే. జోతారో తుదిపోరులో కాలమును నిలుపు శత్రువును ఎదుర్కొనుచు, తాను కూడ కాలమును నిలుపగలవాడగును. ఇరువురి శక్తులు ఒకే జాతివని సమర్థింపవచ్చును గాని, పేకాటలో మనము పొందిన తృప్తి ఇందు లభింపదు. అక్కడ అతడు తన సాహసముతో గెలిచెను; ఇక్కడ రచయిత కానుకతో గెలిచెను. ఔచిత్యవిచారమున ఇదియే గీటురాయి: ఉపాయము తెరపైనున్న వస్తువులనుండి పుట్టెనా, రచయిత జేబునుండి పుట్టెనా?

ఈ వివాదమునకు తుది తీర్పువంటి ఘట్టమును మరల తొగాషియే రచించెను. నెతెరో వృద్ధయోధుడు. నలువదియారవ ఏట కొండపై చేరి, దినమునకు పదివేల మారులు నమస్కరించి పిడికిలి విసరుట వ్రతముగా పూని, తొలినాళ్లలో దానికి పదునెనిమిది గంటలకు పైగా వెచ్చించినవాడు. వాని ఎదుట నిలిచిన మెరుయెము చీమలజాతికి రాజు, పుట్టి కొద్దిదినములే యైనను అజేయుడు. నెతెరో వెనుక వెలయు అవలోకితేశ్వరమూర్తి చేతులు వర్షమువలె కురియును. రాజు ఆ దెబ్బలను బలముతో మాత్రమే సహింపలేదు. కొముగి యను గ్రుడ్డిబాలికతో ‘గుంగి’ యను పలకయాట ఆడి నేర్చిన తర్కముతో, ఆ చేతుల వరుసను ఎత్తులవలె చదివి, సందు కనిపెట్టెను. అనగా ఇందు తపస్సు మనిషిపక్షమునను, ప్రతిభ రాక్షసపక్షమునను ఉన్నవి. కాలును చేయియు కోల్పోయిన నెతెరో తుదకు తన గుండెను తానే ఆపి, దేహములో దాచిన బాంబును ప్రేల్చెను. అది ప్రపంచమున చవుకగా దొరకునట్టిది. విషమువలన రాజు క్రమముగా క్షీణించి మరణించును.

ఇది ఎవరి గెలుపు? తపస్సుది కాదు, ప్రతిభది కాదు, బాహుబలముది కూడ కాదు. కర్మాగారములో తయారైన వస్తువు గెలిచినది. రెండు అణుబాంబులను 1945లో చవిచూచిన దేశపు రచయిత ఈ ముగింపు వ్రాసెనని తలచినపుడు, కొట్లాట బొమ్మలని పెదవి విరుచుట సాధ్యము కాదు.

ఆ రాజు చివరి గడియలు ఎట్లు గడపెనో చెప్పి విరమింతును. లోకమును జయింపవలెనన్న కోరిక విడిచి, అతడు కొముగిని వెదకి, పలక పరచి ఆటకు కూర్చుండెను. ఆమె చేతికి బలము లేదు, కన్నులకు చూపు లేదు. ఆ ఆటలో మాత్రము ఆమెను అతడు ఒక్కమారును గెలువలేదు. విషము ఆమెకును సోకునని తెలిసియు ఆమె లేచిపోలేదు. చూపు పోవుచుండ అతడు ఎత్తులు చెప్పుచుండును, ఆమె బదులు చెప్పుచుండును.

పరభాషల నడుమ తరతరములుగా సంఖ్యాబలము లేక, నేర్పుతోను ఓర్పుతోను తమ నుడిని నిలుపుకొన్న కుటుంబములకు ఆ పలకకు ఇరువైపుల ఎవరు కూర్చున్నారో విడమరచి చెప్పనక్కరలేదు. మన పిల్లలు ఆ భాగమును చూచునపుడు ఒక్కసారి ప్రక్కన కూర్చుండి చూడుడని మాత్రము పెద్దలకు నా మనవి.