రేకు నుంచి మట్టి దాకా ఒకే గీత

చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ గురించి రాసేవారు సాధారణంగా ఆయన చేపట్టిన మాధ్యమాల పట్టికతో మొదలుపెడతారు. పెన్సిలు, ఇంకు, ఎచింగ్, నీటిరంగులు, పేస్టల్, గాజు వెనక వేసే బొమ్మలు, టెర్రకోట, సెరామిక్, కంచు. అది చదివితే ఆయన ఏ ఒక్కచోటా నిలవని మనిషనే అభిప్రాయం కలుగుతుంది. నాకు మాత్రం ఆయన 1960ల నుంచీ ఒకే పని మీద ఉన్నారనిపిస్తుంది. అది గీత గీయడం. మాధ్యమం మార్చిన ప్రతిసారీ ఆ గీతకు కొత్తగా ఎదురుతిరిగే వస్తువును వెతుక్కున్నారు. ఆ ఎదురు ఎలాంటిదో తెలియాలంటే ముందు ఎచింగ్ ఎలా తయారవుతుందో తెలియాలి. ఆయన పేరు మొదట నిలబడింది దానితోనే. పత్రికల్లో చిత్రకళ మీద వచ్చే వ్యాసాలు ఎక్కువగా వదిలేసేదీ దాన్నే.

ఆయన 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాదు లలితకళల కళాశాలలో డిప్లొమా పూర్తిచేసి, 1963లో బరోడా వెళ్లి కుడ్యచిత్రణ, ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నారు. అక్కడి గురువు కె.జి. సుబ్రమణ్యన్. శాంతినికేతన్‌లో చదివిన సుబ్రమణ్యన్‌కు కుమ్మరి పని, బొమ్మల పని, కాన్వాస్ పని వేర్వేరు అంతస్తులవని నమ్మకం లేదు. లక్నోలోని రవీంద్రాలయ గోడకు ఆయన టెర్రకోట పలకలతో కుడ్యచిత్రం కట్టింది కూడా ఆ రోజుల్లోనే. అలాంటి గురువు దగ్గర నేర్చుకున్న శిష్యుడు ఆ తర్వాత మట్టినీ గాజునూ పట్టుకుంటే దాన్ని దారి తప్పడం అనలేం.

ఇక ఎచింగ్ సంగతి. నున్నగా మెరుగుపెట్టిన జింక్ రేకు మీద మైనం, తారు, రోజిన్ అనే చెట్టు బంక కలిపిన పలచటి పూత వేస్తారు. దాని మీద మొనదేలిన సూదితో బొమ్మ గీస్తారు. సూది రేకును కోయదు, గీసినంత మేర పూతను లేపేస్తుంది. తర్వాత రేకును నీళ్లు కలిపిన నైట్రిక్ యాసిడ్‌లో ఉంచితే, పూత లేచినచోటల్లా యాసిడ్ లోహాన్ని తింటుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, గీత ఎంత లోతైతే కాగితం మీద అంత నలుపు. వెంట్రుకలాంటి గీతలు త్వరగా తయారవుతాయి. అప్పుడు రేకును పైకి తీసి, కడిగి, ఆరబెట్టి, ఆ గీతలను వార్నిష్‌తో మూసేసి, మిగతావాటి కోసం మళ్లీ యాసిడ్‌లో పెడతారు. ఇలా ఒకే రేకు ఎన్నోసార్లు మునిగి తేలుతుంది. గీతలు కాకుండా నీడలు కావాలంటే రేకు మీద రోజిన్ పొడి సమంగా చల్లి, కిందినుంచి వేడిచేసి అతికిస్తారు. రేణువుల సందుల్లో యాసిడ్ తిన్న సన్నటి గుంటలు ఇంకును పట్టుకుని బూడిదరంగు ఛాయనిస్తాయి. ఈ పద్ధతిని ఆక్వాటింట్ అంటారు. చివరికి పూతంతా తీసేసి, రేకు నిండా ఇంకు రుద్ది, పలచటి గుడ్డతోనూ ఆఖరున అరచేత్తోనూ పైపై ఇంకును తుడిచేస్తారు. గాడుల్లో మిగిలిన ఇంకే బొమ్మ. తడిపిన మందపాటి కాగితం పరిచి, పైన ఉన్ని గుడ్డలు వేసి, ప్రెస్సులో గట్టిగా నొక్కితే కాగితం ఆ గాడుల్లోకి దిగి ఇంకును పైకి తెచ్చుకుంటుంది. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది.

ఈ పనిలో రబ్బరుకు చోటులేదు. లోతుగా తిన్న గీతను చెరపాలంటే రేకునే గీకి, అరగదీసి, మళ్లీ నునుపు చేయాలి. ఏ గీత ఎంత నల్లగా ఉండాలో గీయకముందే తేల్చుకోవాలి, దాన్నీ తిరగేసి ఊహించుకోవాలి. 1970లలో లక్ష్మాగౌడ్ వేసిన ప్రింట్లలో ఈ శిక్షణ ఫలితం కళ్లకు కడుతుంది. బండలు, ముళ్లపొదలు, మేకలు, మోటు శరీరాల ఆడామగా అన్నీ ఒకే సన్నటి, దట్టమైన గీతల అల్లికలోంచి పుట్టుకొస్తాయి. మేక బొచ్చుకీ, చెట్టు బెరడుకీ, మనిషి తొడ మీది నరానికీ గీతలో తేడా ఉండదు. మెత్తటి కుంచె అద్దే నునుపు ఆ రాతినేలకు అబద్ధంలా అంటేది. యాసిడ్ తిన్న గరుకు దానికి సరిగ్గా సరిపోయింది.

ఒకే రేకు నుంచి పది ఇరవై ప్రతులు తీస్తే వాటిలో అసలేది, నకలేది అన్న సందేహం చాలామందికి ఉంది. ఇంతకుముందే ఉన్న బొమ్మను ఫొటో తీసి అచ్చువేస్తే వచ్చేది నకలు. ఎచింగ్‌కు ముందు ఉండే బొమ్మంటూ లేదు. అది కాగితం మీదికి వచ్చాకే బొమ్మవుతుంది. ప్రతి ప్రతికీ చేత్తో ఇంకు పెట్టాలి, చేత్తో తుడవాలి. రేకు క్రమంగా అరిగిపోతుంది కాబట్టే సంఖ్య పరిమితం చేసి, ప్రతిదాని మీదా వరస సంఖ్య వేసి సంతకం పెడతారు. స్పెయిన్ చిత్రకారుడు గోయా 1799లో వెలువరించిన 80 ప్రింట్ల సంపుటిని నకళ్ల కట్ట అని ఎవరూ అనరు. పైగా ఈ కళకు ఉన్న పెద్ద విలువ ఈ బహుళత్వంలోనే ఉంది. పెద్ద చిత్రకారుడి అసలు పని ఒక్క ధనికుడి గోడకే కట్టుబడకుండా నలుగురి ఇళ్లకు చేరగలదు.

మరో అభ్యంతరం బరువైనది. లక్ష్మాగౌడ్ ప్రింట్లలో కామం బాహాటంగా ఉంది. అదంతా ప్రతీక అని సర్దిచెబితే చిత్రకారుడికి అన్యాయం చేసినట్టే. అయితే అక్కడ కోరిక మనిషి ఒక్కడి సొత్తు కాదు. చెట్టు, పశువు, నేల అన్నీ అదే ఉద్రేకంలో ఉంటాయి, గీత వాటి మధ్య గట్లు వేయదు. అశ్లీలం శరీరాన్ని లోకం నుంచి విడదీసి చూపిస్తుంది. ఇక్కడ శరీరం లోకంలోకి కలిసిపోతుంది. ఆడవాళ్లను మగచూపుతో చూశారన్న విమర్శను మాత్రం నేను పూర్తిగా తోసిపుచ్చలేను. కొన్ని బొమ్మల్లో అది నిజం. కానీ చాలావాటిలో మగవాడు కూడా అంతే నగ్నంగా, అంతే నిస్సహాయంగా, ఒక్కోసారి మేక కన్నా తక్కువ స్థాయిలో ఉంటాడు.

గాజు దగ్గరికి వచ్చేసరికి, బొమ్మను వెనక వేసి ముందు నుంచి చూస్తారు కాబట్టి, వరసే తలకిందులవుతుంది. కాగితం మీద ఆఖరున పెట్టే కంటిపాప, ముక్కుపుడక, బొట్టు గాజు మీద ముందుగా పెట్టాలి. తర్వాత మేనిరంగు, దాని వెనక చీర, అన్నిటికన్నా చివర నేపథ్యం. మొదటి గీత తప్పితే దాన్ని కప్పిపుచ్చే పూత ఏదీ లేదు, ఎందుకంటే ముందుగా కనిపించేది ఆ గీతే. ఏళ్ల తరబడి తిరగేసి ఆలోచించడం అలవాటైన ప్రింట్‌మేకర్ ఈ మాధ్యమానికి అంతకుముందే సిద్ధమై ఉన్నాడన్నమాట. మట్టిలో ఇంకో మార్పు. పచ్చి మట్టిని పుల్లతో గీరితే పడే గాడిలో ఇంకు ఉండదు, నీడ ఉంటుంది. వెలుతురు పక్కకు జరిగితే గీత ముదురుతుంది, లేదా మాయమవుతుంది. రేకు మీద లోతును నలుపుగా మార్చిన చెయ్యి ఇక్కడ లోతును లోతుగానే వదిలేయడం నేర్చుకుంది.

తర్వాతి కాలంలో రంగులు వచ్చాయి. తలపాగాల మగవాళ్లు, పెద్ద బొట్ల ఆడవాళ్లు, వాళ్ల పక్కన మేకలు మళ్లీ మళ్లీ కనిపించాయి. సంపన్నుల డ్రాయింగ్ రూముల కోసం పల్లెను అలంకరించారన్న మాట అప్పుడే పుట్టింది. ఇందులో కొంత ఒప్పుకోవలసిందే. నీటిరంగు ముఖాల్లో పాత ప్రింట్లలోని బిగువు తగ్గింది. అవి చూడగానే నచ్చుతాయి, ఎదురుతిరగవు. కాగితం మీద రంగు చెయ్యి చెప్పినట్టల్లా వింటుంది, ఈ చెయ్యికి అలా వినే వస్తువు పెద్దగా మేలు చేయదన్నదే నా వాదన. 2001 దాకా హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మనిషికి, 2016లో పద్మశ్రీ అందుకున్న మనిషికి ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఆయన టెర్రకోట, కంచు తలల్లో ఆ బిగువు తిరిగి వచ్చింది. ముఖాలు అవే, తలపాగాలు అవే, కానీ చెంప మీది గాడి మళ్లీ లోతుగా, సర్దుబాటు లేకుండా పడింది.